గడ్డ వయసెంత? రొమ్ము క్యాన్సరు గురించి కొన్ని లెక్కలు

చదరంగం పలక మీద గింజల కథ మీరు వినే ఉంటారు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు. ఇలా ప్రతి గడికీ రెట్టింపు చేస్తూ పోతే పలక నిండక ముందే రాజుగారి గాదెలు ఖాళీ అయిపోతాయి. ఈ కథలో మనకు కావలసింది రాజుగారు కాదు, లెక్క. ఒకటితో మొదలుపెట్టి పదిసార్లు రెట్టింపు చేస్తే 1,024 వస్తుంది. ఇరవైసార్లు చేస్తే పది లక్షలు దాటుతుంది. ముప్పైసార్లు చేస్తే 107 కోట్లు దాటుతుంది. నోటుపుస్తకం తీసుకుని మీరే వేసి చూడండి.

ఇప్పుడు గింజకు బదులు ఒక జీవకణాన్ని పెట్టండి. స్త్రీ రొమ్ములో పాలు ప్రవహించే సన్నని నాళం ఉంటుంది. దాని లోపలి గోడలో ఉన్న ఒకే ఒక కణం అది. మామూలు కంటికి కనబడదు. ఏదో కారణంగా అది అదుపు తప్పి ఒకటి రెండుగా, రెండు నాలుగుగా పెరుగుతూ పోయిందనుకుందాం. బఠాణీ గింజకంటె కొంచెం పెద్దదైన, ఒక సెంటీమీటరు గడ్డలో సుమారు 100 కోట్ల కణాలుంటాయని అంచనా. అంటే ఆ ఒక్క కణం ఇంతటిది కావడానికి 30 రెట్టింపులు జరగాలి.

ఒక్కొక్క రెట్టింపుకు ఎంత కాలం పడుతుంది? అందరిలోనూ ఒకేలా ఉండదు. కొన్ని గడ్డలకు నెలా రెండు నెలలు చాలు, కొన్నిటికి ఏడాది కూడా పట్టవచ్చు. లెక్క కోసం 100 రోజులనుకుందాం. ముప్పై వందలు మూడు వేల రోజులు, అనగా ఎనిమిదేళ్ల పైచిలుకు! ఇవాళ స్నానం చేస్తుంటే చేతికి తగిలిన గడ్డ నిన్నో మొన్నో పుట్టినది కాదన్నమాట. అది ఏళ్ల తరబడి నొప్పి లేకుండా, చప్పుడు చేయకుండా పెరుగుతూ వచ్చింది.

లెక్కను ఇంకొంచెం ముందుకు నడపండి. మరో పది రెట్టింపులైతే ఆ గడ్డ సుమారు ఒక కిలో బరువవుతుంది. అంతటి క్యాన్సరును శరీరం తట్టుకోలేదు. నలభై మెట్ల దారిలో ముప్పై మెట్లు ఎవరికీ తెలియకుండానే గడిచిపోతాయి. గడ్డ చేతికి దొరికిన తరువాత మిగిలేవి ఆ పదే. నిజమైన గడ్డ చదరంగం పలకలాగ ఇంత క్రమంగా పెరగదు. దానిలో చాలా కణాలు మధ్యలోనే చచ్చిపోతుంటాయి, పెద్దదయ్యేకొద్దీ పెరుగుదల మందగిస్తుంది కూడా. అయినా ఈ లెక్క చెప్పే ముఖ్యమైన సంగతి మాత్రం మారదు.

ఈ సంగతి మనకెందుకో రెండు అంకెలు చూస్తే తెలుస్తుంది. 2022లో ప్రపంచం మొత్తం మీద సుమారు 23 లక్షల మంది స్త్రీలకు రొమ్ము క్యాన్సరు ఉన్నట్లు బయటపడింది. ఆ ఏడాదే సుమారు 6 లక్షల 70 వేల మంది ఈ జబ్బుతో చనిపోయారు. మన దేశంలో అదే ఏడాది కొత్తగా బయటపడినవి సుమారు 1 లక్షా 92 వేలు, మరణాలు సుమారు 98 వేలు. శాతాలు కట్టండి. ప్రపంచంలో 29, మన దగ్గర 51. చనిపోయిన వారంతా ఆ ఏడాదే జబ్బు బయటపడిన వారు కాదు కనుక ఇది ముతక లెక్కే. అయినా తేడా చాలా పెద్దది. మన స్త్రీలలో చాలామంది డాక్టరు దగ్గరకు వచ్చేసరికి మిగిలిన పది మెట్లలో కొన్ని కూడా దాటిపోయి ఉంటాయి. డబ్బు లేకపోవడం, ఆసుపత్రి దూరం కావడం ఇందుకు కారణాలే. వాటితోపాటు ఇంకొకటి ఉంది. ఈ అవయవం పేరును మన ఇళ్లలో గొంతు తగ్గించి గాని పలకరు. గుండె గురించి, కాలేయం గురించి చదివినంత మామూలుగానే మీరు ఈ పాఠం చదవండి.

కణం ఎందుకు అదుపు తప్పుతుంది?

రొమ్ములో పాలు తయారుచేసే గ్రంథులు 15 నుంచి 20 వరకు భాగాలుగా అమరి ఉంటాయి. వాటి నుంచి పాలనాళాలు చనుమొన దాకా వస్తాయి. వీటి మధ్య కొవ్వు, పీచులాంటి కణజాలం ఉంటాయి. ఆడపిల్ల ఎదిగే వయసులో అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఈ కణాలను పెరగమంటుంది. ఆ తరువాత నెలనెలా ఋతుచక్రంతోపాటు కొంత పెరగడం, కొంత తగ్గడం జరుగుతూనే ఉంటుంది.

ఒక కణం రెండు కావాలంటే ముందు తన డి.ఎన్.ఏ.కు నకలు రాసుకోవాలి. అది దాదాపు 300 కోట్ల అక్షరాల గ్రంథం వంటిది. దాన్ని రెండు ప్రతులుగా ఉంచుకున్న కణం ప్రతి విభజనకూ రెండింటినీ ఎత్తి రాయాలి. తాటాకు గ్రంథాలను ఎత్తి రాసేవారికి తప్పులు దొర్లినట్లే ఇక్కడా దొర్లుతాయి. దిద్దడానికి కణంలోనే ఏర్పాట్లున్నాయి. అయినా దిద్దుబాటుకు అందని తప్పులు ఏళ్ల తరబడి పోగవుతుంటాయి. ఆగమని చెప్పే జన్యువులో ఒక తప్పు, పెరగమని చెప్పే జన్యువులో మరొకటి, ఇలా కొన్ని తప్పులు ఒకే కణంలో కలిస్తే అది ఎవరి మాటా వినని కణమవుతుంది. వయసు పెరిగేకొద్దీ ఈ జబ్బు ఎక్కువ కావడానికి ముఖ్యకారణం ఇదే.

హార్మోను ప్రభావం ఎక్కువ ఏళ్లు ఉంటే ప్రమాదం కొంత పెరుగుతుంది. బిడ్డకు పాలిస్తే కొంత తగ్గుతుంది. ఇటలీ వైద్యుడు రామజ్జిని మూడు వందల ఏళ్ల కిందటే, పెళ్లి లేని క్రైస్తవ సన్యాసినులలో ఈ జబ్బు ఎక్కువగా ఉండడం గమనించాడు. 1926లో ఇంగ్లండులో జానెట్ లేన్-క్లేపన్ అనే వైద్యురాలు జబ్బు ఉన్న 500 మందిని, లేని 500 మందిని ఒకే రకం ప్రశ్నలు అడిగి, పోల్చి చూసి ఈ సంగతులను లెక్కలతో చూపింది. మద్యం, ముట్లుడిగిన తరువాత వచ్చే స్థూలకాయం, శరీరశ్రమ లేకపోవడం కూడా ప్రమాదాన్ని పెంచుతాయి. కాని ఒక మాట. ఈ జబ్బు వచ్చినవారిలో దాదాపు సగం మందికి స్త్రీగా పుట్టడం, వయసు రావడం తప్ప ప్రత్యేకమైన కారణమేదీ కనబడదు. పాపం, శాపం, దిష్టి, బిగుతు రవిక, ఎప్పుడో తగిలిన దెబ్బ, వీటిలో ఏదీ కారణం కాదు. ఇది అంటువ్యాధి కూడా కాదు. రోగి తాగిన గ్లాసుతో తాగవచ్చు, పక్కన పడుకోవచ్చు.

మగవారికి రాదా? వస్తుంది, కాని బయటపడేవాటిలో నూటికి ఒకటి మాత్రమే. పద్నాలుగు పదిహేనేళ్ల మగపిల్లల్లో కొందరికి చనుమొన కింద చిన్న బిళ్లలా తగిలి కంగారు పెడుతుంది. అది క్యాన్సరు కాదు. ఆ వయసు హార్మోనుల వల్ల వచ్చి, చాలామందిలో దానంతటదే పోతుంది. ఆడపిల్లల్లో కూడా ఈ వయసులో తగిలే గడ్డలు దాదాపు అన్నీ ప్రమాదం లేనివే. వేలితో తాకితే గోళీలా జారిపోయే ఫైబ్రోఅడినోమా అనే గడ్డ వాటిలో మామూలైనది. అమ్మకు చెప్పి ఒకసారి డాక్టరుకు చూపించుకుంటే చాలు, రాత్రుళ్లు భయంతో మేలుకోనక్కరలేదు.

ఎంత కోస్తే అంత మంచిదా?

మత్తుమందు లేని కాలంలో రొమ్ము శస్త్రచికిత్స ఎలా ఉండేదో ఫానీ బర్నీ అనే ఇంగ్లీషు రచయిత్రి రాసిపెట్టింది. 1811లో పారిస్‌లో ఆమెకు ఆపరేషన్ చేసినప్పుడు ఇచ్చింది కాస్త ద్రాక్షసారా మాత్రమే. ఆమె ఆ తరువాత 29 ఏళ్లు బతికింది. చిత్రమేమిటంటే, అంతకు ఏడేళ్ల ముందే, 1804లో, జపాన్‌లో హనవోకా సెయిషూ అనే వైద్యుడు మూలికల మందు తాగించి, రోగిని పూర్తిగా మత్తులో ఉంచి రొమ్ములోని గడ్డను తీశాడు. ఆ మందులో మన పొలంగట్ల మీద కనబడే ఉమ్మెత్త జాతి మొక్క ఒకటి. (ఉమ్మెత్త విషం. దానితో ప్రయోగాలు వద్దు!) జపాన్ అప్పుడు బయటి దేశాలకు తలుపులు మూసుకుని ఉండడంతో ఆ వార్త పారిస్ చేరలేదు.

మత్తుమందులు వచ్చాక సర్జన్లకు ధైర్యం పెరిగింది. అమెరికాలో బాల్టిమోర్ నగరంలో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రి సర్జను విలియం హాల్‌స్టెడ్ 1894లో తన పద్ధతిని ప్రకటించాడు. కాగితం మీద పడిన నూనెచుక్క చుట్టూ పాకినట్లు క్యాన్సరు రొమ్ము నుంచి చంకలోని శోషరస గ్రంథులకు, అక్కడి నుంచి ఇంకా అవతలికి వరసగా పాకుతుందని ఆయన నమ్మకం. కనుక రొమ్ముతోపాటు దాని కింద ఛాతీ కండరాలు, చంకలోని గ్రంథులు మొత్తం తీసెయ్యాలన్నాడు. సుమారు ఎనభై ఏళ్లు ఇదే రాజ్యమేలింది. ఆపరేషన్ తరువాత స్త్రీలకు ఛాతీ గుంటపడిపోయేది, చెయ్యి వాచి బరువెక్కేది. అయినా కొందరికి జబ్బు ఏళ్ల తరువాత ఎముకల్లోనో ఊపిరితిత్తుల్లోనో బయటపడేది. అది సరిగా కొయ్యకపోవడం వల్లనే అనుకుని ఇంకా ఎక్కువ కోసినవారు కూడా ఉన్నారు!

పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలోని సర్జను బెర్నార్డ్ ఫిషర్‌కు మరో ఆలోచన వచ్చింది. క్యాన్సరు కణాలు వరస తప్పకుండా నడిచే సిపాయిలు కావు, వాటిలో కొన్ని మొదట్లోనే రక్తంలో పడి దూరంగా వెళ్లిపోవచ్చు. అలా వెళ్లిపోయి ఉంటే ఛాతీని ఎంత కోసినా లాభం లేదు. వెళ్లకపోతే చిన్న ఆపరేషనే చాలు. తర్కం బాగానే ఉంది. కాని హాల్‌స్టెడ్ తర్కం కూడా వినడానికి బాగానే ఉండేది కదా! తేల్చేదెలా?

ఏ రోగికి ఏ ఆపరేషన్ అనేది డాక్టరే ఎంచితే పోలిక చెడిపోతుంది. తేలిక జబ్బు ఉన్నవారికి చిన్న ఆపరేషన్, ముదిరినవారికి పెద్ద ఆపరేషన్ చేస్తాడు, చివరికి చిన్న ఆపరేషనే గొప్పదన్నట్లు కనబడుతుంది. కనుక నాణెం ఎగరవేసినట్లు లాటరీ పద్ధతిలో పంచాలి. అప్పుడు రెండు గుంపులూ అన్ని విధాలా సమానంగా ఉంటాయి, తేడా వస్తే అది ఆపరేషన్ వల్లనే. ఫిషర్ 1971లో ఇలాంటి పరిశీలన మొదలుపెట్టాడు. అందులో చేరినవారు 1,665 మంది స్త్రీలు. ఆ రోజుల్లో చాలామంది సర్జన్లకు ఇది రోగుల ప్రాణాలతో చెలగాటంలా తోచింది. ఫలితం చూస్తే, కండరాలతో సహా తీసిన వారూ, రొమ్ము మాత్రమే తీసిన వారూ ఒకే తీరున బతికారు. తరువాత గడ్డను, దాని చుట్టూ కొంత భాగాన్ని మాత్రమే తీసి చూశారు. ఇటలీలోని మిలాన్‌లో ఉంబర్టో వెరొనేసి 701 మంది స్త్రీలతో అటువంటిదే మరో పరిశీలన జరిపాడు. ఇరవై ఏళ్ల తరువాతి ఫలితాలు రెండు చోట్లవీ 2002లో అచ్చయ్యాయి. ఆయుర్దాయంలో తేడా లేదు! గడ్డ తీశాక రేడియేషన్ ఇస్తే అదే రొమ్ములో జబ్బు తిరగబెట్టడం కూడా బాగా తగ్గింది.

ఇవాళ చిన్న గడ్డతో వచ్చిన స్త్రీకి చాలాసార్లు రొమ్మును నిలిపి వైద్యం చేయగలుగుతున్నారంటే ఆ పరిశీలనలలో చేరడానికి ఒప్పుకున్న వేలాది స్త్రీల చలవే. వారి పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. హాల్‌స్టెడ్ పేరు మాత్రం ఉంది.

కత్తికి అందని చోట

రక్తంలో పడిపోయిన కణాల సంగతి ఏమిటి? వాటి కోసం శరీరమంతా తిరిగే మందు కావాలి. ఇందుకు మొదటి దారి ఆవుల దగ్గర దొరికింది. ఈనిన ఆవు ఎక్కువ కాలం పాలివ్వడానికి దాని అండాశయాలను తీసేసే అలవాటు కొన్ని దేశాల్లో ఉందని గ్లాస్గో సర్జను జార్జ్ బీట్సన్ తెలుసుకున్నాడు. పొదుగుకూ అండాశయానికీ ఏదో సంబంధం ఉండాలి! ముదిరిన రొమ్ము క్యాన్సరు ఉన్న ఒక స్త్రీకి అండాశయాలు తీసేస్తే గడ్డలు కరిగిపోయాయని 1896లో ప్రకటించాడు. అప్పటికి హార్మోను అన్న మాటే పుట్టలేదు. ఇవాళ ఆ ఆపరేషన్ బదులు చాలామందికి మాత్ర సరిపోతోంది. టామోక్సిఫెన్ అనే ఆ మందును గర్భనిరోధక మాత్రగా పనికి వస్తుందేమోనని 1960లలో ఇంగ్లండులో తయారుచేశారు. ఆ పనికి అది పనికిరాలేదు. కాని క్యాన్సరు కణం మీద ఈస్ట్రోజెన్ వచ్చి కూర్చునే పీటను ఇది ముందే ఆక్రమిస్తుంది. అన్ని గడ్డలకూ ఆ పీటలు ఉండవు. అందుకే గడ్డ నుంచి తీసిన ముక్కను పరీక్షించి, ఉన్నవారికే ఈ మందు ఇస్తారు. మరికొన్ని గడ్డల మీద హెర్-2 అనే ప్రోటీన్ విపరీతంగా ఉంటుంది. దానికి వేరే మందు 1998లో వచ్చింది.

రెండో దారిలో మన తెలుగువాడొకరు కనబడతారు. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన విభాగానికి అధిపతిగా ఉండేవారు. కణం తన డి.ఎన్.ఏ.కు నకలు రాసుకోవాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. దానిలాగే కనబడి కణాన్ని మోసగించే నకిలీ పదార్థాలను ఆయన బృందం తయారుచేసింది. మెథోట్రెక్సేట్ వాటిలో ఒకటి. సుబ్బారావు గారు 1948లోనే చనిపోయారు. ఆపరేషన్ తరువాత మెథోట్రెక్సేట్‌తో సహా మూడు మందులు కలిపి ఇస్తే రొమ్ము క్యాన్సరు తిరగబెట్టడం తగ్గుతుందని మిలాన్ వైద్యుడు బొనడోనా 1976లో చూపించాడు. ఇప్పుడు అంతకంటె మెరుగైన మందులు వచ్చినా, ఆ మూడింటి కలయికే చాలా ఏళ్లు ప్రపంచమంతటా వాడుకలో ఉంది. జుట్టు రాలడం, వాంతులు వంటి బాధలు ఈ మందులతో వస్తాయి. వేగంగా విభజన చెందే మంచి కణాలు కూడా దెబ్బ తినడమే అందుకు కారణం. మందులు ఆపాక జుట్టు మళ్లీ వస్తుంది.

వంశంలో ఉంటే?

నూటికి అయిదు నుంచి పది మందిలో ఈ జబ్బుకు కారణమైన తప్పు పుట్టుకతోనే వస్తుంది. 17వ క్రోమోసోము మీద అలాంటి జన్యువు ఉందని అమెరికా శాస్త్రవేత్త మేరీ-క్లెయిర్ కింగ్ 1990లో చూపింది. 1994లో దాన్ని విడదీశారు. పేరు బి.ఆర్.సి.ఏ.-1. దీని అసలు పని తెగిన డి.ఎన్.ఏ.ను అతకడం. అది పనిచేయనప్పుడు తప్పులు త్వరత్వరగా పోగవుతాయి. ఆ లోపంతో పుట్టిన స్త్రీలలో 80 ఏళ్లు వచ్చేలోగా నూటికి 60, 70 మందికి జబ్బు రావచ్చు. అందరికీ వచ్చి తీరాలని లేదు. ఇక్కడ మనవాళ్లు ఒక పొరపాటు చేస్తుంటారు. అమ్మమ్మకు, పిన్నికి ఉందా అని మాత్రమే చూస్తారు. జన్యువు నాన్న వైపు నుంచి కూడా వస్తుంది. నాయనమ్మనూ, మేనత్తలనూ కూడా లెక్కలోకి తీసుకోవాలి.

వేలికొసలతో వెతకడం

మామోగ్రాం అనే ఎక్సురే చేతికి తగలని గడ్డను కూడా పట్టుకుంటుంది. దేశంలోని స్త్రీలందరికీ అది తీయడం ఖర్చుతో కూడిన పని. కనుక ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వారు 1998లో మరో మార్గం పట్టారు. మురికివాడల్లోని సుమారు లక్షన్నర మంది స్త్రీలను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. ఒక గుంపులోని వారిని శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్షించారు. 2021లో ఫలితాలు వెలువడ్డాయి. పరీక్ష జరిగిన గుంపులో జబ్బు తొందరగా, ముదరక ముందే బయటపడింది. 50 ఏళ్లు దాటినవారిలో మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. అంతకంటె చిన్నవారిలో మాత్రం మరణాలు తగ్గలేదు. ఖరీదైన యంత్రమేదీ లేదు, ఉన్నవి నేర్చిన వేళ్లు, ఓపిక.

మీ ఇంట్లోని పెద్దవారు గమనించవలసినవి ఇవి: రొమ్ములోగాని చంకలోగాని కొత్తగా గట్టిగా తగిలే గడ్డ, చర్మం సొట్టపడడం లేదా నారింజ తొక్కలా మారడం, చనుమొన లోపలికి ముడుచుకుపోవడం, దాని నుంచి రక్తం కారడం. నొప్పి కోసం ఎదురు చూడకూడదు, మొదట్లో సాధారణంగా నొప్పే ఉండదు. గడ్డలలో ఎక్కువ భాగం క్యాన్సరు కావు. ఏది అవునో ఏది కాదో చూపుతోనో నాటువైద్యంతోనో తేలదు, సూదితో చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూడాలి. సూది గుచ్చితే క్యాన్సరు పాకిపోతుందన్న మాట ఊళ్లలో గట్టిగా నాటుకుని ఉంది. ఆ భయంతో పరీక్ష మానుకుంటే నష్టపోయేది రోగే. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి వంటి ప్రభుత్వ సంస్థల్లో ఈ పరీక్షలు, చికిత్స దొరుకుతాయి.

ఇక మీకొక లెక్క. ఒక సెంటీమీటరు గడ్డ ఉన్న ఆమె పిల్లల పరీక్షలయ్యాక చూపించుకుందామని, కోతలయ్యాక వెళ్దామని, ఆ తరువాత ఇంట్లో పెళ్లి ఉందని వాయిదా వేస్తూ వచ్చింది. ఆసుపత్రికి వెళ్లేసరికి గడ్డ అడ్డుకొలత నాలుగు సెంటీమీటర్లయింది. రెట్టింపుకు 100 రోజులైతే ఆమె ఎంత కాలం ఆగినట్లు? (గోళం ఘనపరిమాణం వ్యాసార్ధం ఘనాన్ని బట్టి మారుతుందని గుర్తుంచుకోండి.)

జవాబు: అడ్డుకొలత 4 రెట్లయితే ఘనపరిమాణం 4×4×4, అనగా 64 రెట్లు. ఒకటి 64 కావడానికి 6 రెట్టింపులు చాలు. 600 రోజులు.